లంబరేఖకు సమీకరణం రాయడం: పావు మలుపు నుంచి మొదలుపెట్టి

ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని రెండు సరళరేఖలు ఎప్పుడు లంబంగా ఉంటాయని అడిగితే, వాలుల లబ్ధం మైనస్ ఒకటి అయినప్పుడు అని తడుముకోకుండా చెబుతాడు. అదే విద్యార్థికి వై = 4 అనే రేఖను ఇచ్చి, దానికి (3, 7) బిందువు గుండా లంబరేఖ రాయమంటే, వాలు సున్నా అని రాసి, మైనస్ ఒకటిని సున్నాతో భాగించబోయి అక్కడే ఆగిపోతాడు. హన్మకొండలో ఈ పాఠాన్ని ఏటేటా చెబుతున్న నాకు ఈ దృశ్యం ప్రతి తరగతిలోనూ ఎదురవుతుంది. సూత్రంలో లోపం లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపకుండా మనం పిల్లల చేతిలో పెట్టడమే లోపం. లంబం అంటే పావు మలుపు. ఒక రేఖ నడిచే దిక్కును తొంభై డిగ్రీలు తిప్పితే వచ్చే దిక్కు దాని లంబం. ఈ ఒక్క విషయం చేతికి అందితే సమీకరణం, లంబపాదం, లంబదూరం, లంబకేంద్రం అన్నీ దాని నుంచే వస్తాయి కాబట్టి ఈ వ్యాసంలో ఆ మలుపు దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

సమీకరణాల్లోని అక్షరాలను తరగతిలో పలికినట్టే ఎక్స్, వై అని రాస్తున్నాను. బిందువులకు క, ఖ, గ అని పేర్లు పెడుతున్నాను. పక్కన ఒక గళ్ల కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి; చదివి ఊరుకుంటే ఈ పాఠం నిలవదు.

అక్షాలు, అడ్డం, నిలువు

ఖిలా వరంగల్‌లో స్వయంభూ శివాలయం శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి. తూర్పు తోరణం నుంచి పడమటి తోరణానికి ఒక దారం, ఉత్తర తోరణం నుంచి దక్షిణ తోరణానికి మరొక దారం కట్టినట్టు ఊహించండి. ఆ రెండు దారాలు ఒకదాన్నొకటి దాటే చోటు మన మూలబిందువు, అంటే (0, 0). తూర్పు పడమరల దారం ఎక్స్-అక్షం, ఉత్తర దక్షిణాల దారం వై-అక్షం. తూర్పుకు నడిస్తే ఎక్స్ పెరుగుతుంది, పడమరకు నడిస్తే తగ్గుతుంది. ఉత్తరానికి వై పెరుగుతుంది, దక్షిణానికి తగ్గుతుంది. ఈ ఏర్పాటులో మొదటి లంబరేఖల జత మనకు సమీకరణం రాయకముందే దొరికింది, ఎందుకంటే అక్షాలు రెండూ పరస్పరం లంబాలు. ఆ లంబత్వం మీద ఆధారపడే మనం ప్రతి బిందువుకూ రెండు సంఖ్యలు ఇస్తున్నాం.

ఇప్పుడు క(2, 1) నుంచి ఖ(8, 5) కు వెళ్లే రేఖను తీసుకోండి. క నుంచి ఖ కు చేరాలంటే అడ్డంగా 8 − 2 = 6 గళ్లు, నిలువుగా 5 − 1 = 4 గళ్లు నడవాలి. ఈ జతను (6, 4) అని రాసి, రేఖ నడక అని పిలుచుకుందాం. నిలువు నడకను అడ్డం నడకతో భాగిస్తే వచ్చేదే వాలు. ఇక్కడ అది 4/6, అంటే 2/3. నడకను (3, 2) అని కుదించి రాసినా దిక్కు మారదు. వాలు కంటే నడకనే ముందు రాయమని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది: వాలు ఒకే సంఖ్య కావడం వల్ల అందులో అడ్డం ఎంత, నిలువు ఎంత అనే వివరం కలిసిపోతుంది, నిట్టనిలువు రేఖకైతే అసలు వాలే ఉండదు. నడక మాత్రం ప్రతి రేఖకూ ఉంటుంది.

పావు మలుపు

గళ్ల కాగితం మీద మూలబిందువు నుంచి కుడికి 3 గళ్లు, పైకి 2 గళ్లు లెక్కించి ఒక చుక్క పెట్టి, మూలబిందువుతో కలపండి. ఇప్పుడు కాగితాన్ని మూలబిందువు కదలకుండా ఎడమవైపుకు పావు చుట్టు తిప్పండి. ఇంతకుముందు కుడికి ఉన్న దిక్కు ఇప్పుడు పైకి అయింది. ఇంతకుముందు పైకి ఉన్న దిక్కు ఇప్పుడు ఎడమకు అయింది. కాబట్టి కుడికి నడిచిన 3 గళ్లు పైకి 3 గళ్లుగానూ, పైకి నడిచిన 2 గళ్లు ఎడమకు 2 గళ్లుగానూ మారాయి. ఎడమ అంటే రుణ గుర్తు గనుక కొత్త నడక (−2, 3). సంఖ్యలు రెండూ చోటు మార్చుకున్నాయి, ఒకదాని గుర్తు మారింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

పాత వాలు 2/3. కొత్త వాలు 3/(−2), అంటే −3/2. రెండింటినీ గుణిస్తే −1. పిల్లలు కంఠస్థం చేసే సూత్రం ఇదే. చోటు మార్చుకోవడం వల్ల భిన్నం తలకిందులవుతుంది, గుర్తు మారడం వల్ల మైనస్ వస్తుంది. ఈ రెండు పనులూ ఒకే మలుపులో జరుగుతాయి గనుక ఒకటి చేసి ఇంకొకటి మరిచిపోవడానికి వీల్లేదు. వాలు 2/3 ఉన్న రేఖకు లంబం వాలు 3/2 అని రాసిన విద్యార్థి తలకిందులు చేశాడు గానీ తిప్పలేదు. −2/3 అని రాసినవాడు అద్దంలో చూపించాడు గానీ తిప్పలేదు. రెండు సమాధానాలనూ గళ్ల కాగితం మీద గీయించి చూపిస్తే ఏది లంబం కాదో వాళ్ల కళ్లే చెబుతాయి.

ఏ నడకకైనా ఇది నిజమేనా అన్న సందేహం మంచి సందేహం. మూలబిందువు నుంచి ఒక రేఖ నడక (ప, ఫ), మరో రేఖ నడక (త, థ) అనుకుందాం. ఆ రెండు చుక్కలనూ కలిపితే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. మూలబిందువు దగ్గర లంబకోణం ఉండాలంటే పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం రెండు భుజాల వర్గాల మొత్తం ఎదుటి భుజం వర్గానికి సమానం కావాలి. భుజాల వర్గాలు ప² + ఫ², త² + థ². ఎదుటి భుజం వర్గం (ప − త)² + (ఫ − థ)². దీన్ని విస్తరిస్తే ప² + ఫ² + త² + థ² − 2(ప·త + ఫ·థ) వస్తుంది. రెండు వైపులా ఉన్న వర్గాలు పోగా మిగిలేది ఒక్కటే నియమం:

ప·త + ఫ·థ = 0

అడ్డాన్ని అడ్డంతో, నిలువును నిలువుతో గుణించి కలిపితే సున్నా రావాలి. పైథాగరస్ సిద్ధాంతపు విపర్యయం కూడా నిజం కాబట్టి, సున్నా వస్తే లంబం అని కూడా ధైర్యంగా చెప్పవచ్చు. ఈ నియమాన్ని ప·త తో భాగిస్తే 1 + (ఫ/ప)(థ/త) = 0 అవుతుంది; అందులోని రెండు భిన్నాలే వాలులు గనుక వాలుల లబ్ధం −1 అనే సూత్రం బయటపడుతుంది. అయితే ప గానీ త గానీ సున్నా అయితే ఆ భాగహారం చెల్లదు. మొదట చెప్పిన విద్యార్థి ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. వై = 4 రేఖ నడక (1, 0). దాన్ని పావు చుట్టు తిప్పితే (0, 1), అంటే నిట్టనిలువు. (3, 7) గుండా నిట్టనిలువుగా వెళ్లే రేఖ ఎక్స్ = 3. వాలు నిర్వచితం కాదన్న భయం లేకుండానే సమాధానం వచ్చింది.

సమీకరణం రాసే పని

2ఎక్స్ − 5వై + 9 = 0 అనే రేఖకు (4, −1) గుండా లంబరేఖ కావాలి. ముందు ఇచ్చిన రేఖను వై = ఎం·ఎక్స్ + సి రూపంలోకి మారుద్దాం. 5వై = 2ఎక్స్ + 9, కాబట్టి వై = (2/5)ఎక్స్ + 9/5. వాలు 2/5, నడక (5, 2). తిప్పితే లంబం నడక (−2, 5), వాలు −5/2. ఇప్పుడు బిందువు, వాలు తెలిసిన రేఖ కనుక

వై − (−1) = (−5/2)(ఎక్స్ − 4)

అని రాస్తాం. రెండు వైపులా 2 తో గుణిస్తే 2వై + 2 = −5ఎక్స్ + 20, అంటే 5ఎక్స్ + 2వై = 18. సరిచూసుకోవడానికి (4, −1) ను ప్రతిక్షేపిస్తే 20 − 2 = 18. సరిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఇచ్చిన సమీకరణం గుణకాలను, వచ్చిన సమీకరణం గుణకాలను పక్కపక్కన చూడండి. అక్కడ 2, −5. ఇక్కడ 5, 2. చోటు మారింది, ఒక గుర్తు మారింది. నడకకు జరిగిందే గుణకాలకూ జరిగింది. ఇది యాదృచ్ఛికం కాదు. ఎ·ఎక్స్ + బి·వై = సి అనే రేఖ మీద నడక (బి, −ఎ), ఎందుకంటే ఎక్స్ బి గళ్లు పెరిగి, వై ఎ గళ్లు తగ్గితే ఎడమవైపు మొత్తం మారదు. ఆ నడకను పావు చుట్టు తిప్పితే (ఎ, బి) వస్తుంది. అంటే సమీకరణంలో ఎక్స్, వై ల పక్కన కనిపించే గుణకాలే ఆ రేఖకు లంబంగా వెళ్లే దిక్కును చూపిస్తున్నాయి. నా దృష్టిలో ఈ అధ్యాయం మొత్తంలో ఇంతకంటే విలువైన గమనిక లేదు. కానీ చాలామంది విద్యార్థులు దీన్ని చూడకుండానే పరీక్ష దాటిపోతారు.

దీన్నిబట్టి దగ్గరి దారి స్పష్టం. ఎ·ఎక్స్ + బి·వై + సి = 0 కు లంబంగా ఉండే ప్రతి రేఖా బి·ఎక్స్ − ఎ·వై = కె రూపంలో ఉంటుంది; ఇచ్చిన బిందువును ప్రతిక్షేపిస్తే కె తెలుస్తుంది. పై లెక్కలో గుణకాలు 2, −5 గనుక −5ఎక్స్ − 2వై = కె, (4, −1) తో కె = −20 + 2 = −18, గుర్తులు మారిస్తే మళ్లీ 5ఎక్స్ + 2వై = 18. ఒక్క వరుసలో పని అయిపోయింది. అయినా మొదటి పది లెక్కలనైనా నిదానంగా, నడక రాసి, తిప్పి, ఆ తరువాతే సమీకరణం రాయమని చెబుతాను.

ఈ దశలో కనిపించే పొరపాట్లు చాలావరకు లంబత్వానికి సంబంధించినవి కావు. 2ఎక్స్ − 5వై + 9 = 0 లో ఎక్స్ గుణకం 2 కనుక వాలు 2 అనుకోవడం ఒకటి; వై గుణకం 1 అయ్యేలా సమీకరణాన్ని సర్దనిదే వాలు కనిపించదు. బిందువు నిరూపకాల్లో రుణ సంఖ్య ఉన్నప్పుడు వై − (−1) కు బదులు వై − 1 అని రాసేయడం మరొకటి. చివరి వరుసలో బిందువును ప్రతిక్షేపించి చూసే అలవాటు ఉన్నవాళ్లు ఈ రెండో తప్పును అక్కడికక్కడే పట్టుకుంటారు. మొదటి తప్పును ఆ పరీక్ష పట్టదు, ఎందుకంటే తప్పు వాలుతో రాసిన రేఖ కూడా ఇచ్చిన బిందువు గుండానే వెళుతుంది. అందుకే గుణకాల పరీక్ష కూడా చేయాలి: 2 × 5 + (−5) × 2 = 0.

మేస్త్రీ మూలమట్టం, మన లెక్క

ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్వకముందు ముగ్గు పోస్తారు. అప్పుడు మేస్త్రీ మూల దగ్గర ఒక గోడ గీత మీద 3 అడుగులు, పక్క గోడ గీత మీద 4 అడుగులు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి సరిగ్గా 5 అడుగులు వచ్చిందా అని చూస్తాడు. వస్తే మూలమట్టం కుదిరినట్టు. పైన మనం పైథాగరస్ సిద్ధాంతంతో చేసిన నిరూపణ ఇదే పని. మేస్త్రీ టేపుతో చేసేదాన్ని మనం నిరూపకాలతో చేశాం.

ఒక ప్లాటు నాలుగు మూలలు క(2, 1), ఖ(8, 4), గ(6, 8), ఘ(0, 5) అనుకుందాం. ఇది దీర్ఘచతురస్రమేనా? క నుంచి ఖ నడక (6, 3). ఖ నుంచి గ నడక (−2, 4). గుణించి కలిపితే 6 × (−2) + 3 × 4 = 0, కాబట్టి ఖ దగ్గర లంబకోణం. గ నుంచి ఘ నడక (−6, −3), అది మొదటి నడకకు సరిగ్గా ఎదురు దిక్కు, అదే పొడవు. ఘ నుంచి క నడక (2, −4), రెండోదానికి ఎదురు దిక్కు. ఎదుటి భుజాలు సమానం, సమాంతరం, ఒక మూల లంబం గనుక ఇది దీర్ఘచతురస్రమే. టేపు లేకుండా, కోణమానిని లేకుండా తేలింది.

లంబపాదం, లంబదూరం

ఇక్కడికి వచ్చేసరికి విషయం నిజంగా పనికొచ్చే రూపం తీసుకుంటుంది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ నీళ్లు పారే మన ప్రాంతంలో, కాలువ నుంచి పొలంలోని తొట్టి వరకు పైపు వేయాలనుకున్న రైతుకు మొదటి ప్రశ్న ఎంత పైపు పడుతుందన్నదే. ఒక పిల్లకాలువ 3ఎక్స్ + 4వై = 60 అనే రేఖ వెంట తిన్నగా వెళుతోందనీ, తొట్టి క(14, 17) దగ్గర ఉందనీ, ఒక్కో గడి 10 మీటర్లనీ అనుకుందాం. ఇవి నేను ఊహించిన అంకెలే గానీ పద్ధతి ఎక్కడైనా ఇదే.

తొట్టి నుంచి తిన్నగా దక్షిణానికి వెళితే ఎక్స్ 14 దగ్గరే ఉంటుంది; 42 + 4వై = 60 నుంచి వై = 4.5, కాబట్టి దూరం 12.5 గళ్లు, అంటే 125 మీటర్లు. తిన్నగా పడమరకు వెళితే వై 17 దగ్గరే ఉంటుంది; 3ఎక్స్ = −8 నుంచి దూరం 14 + 8/3, సుమారు 16.67 గళ్లు, అంటే దాదాపు 167 మీటర్లు. రెండింటి మధ్య ఏదో ఒక దిక్కులో ఇంతకంటే దగ్గరి దారి ఉంది. అది కాలువకు లంబంగా వెళ్లే దారి. ఎందుకంటే లంబపాదం, అంటే ఆ లంబం కాలువను తాకే బిందువు, తప్ప కాలువ మీది ఏ ఇతర బిందువును తీసుకున్నా ఒక లంబకోణ త్రిభుజం ఏర్పడి, మన దారి దానికి కర్ణం అవుతుంది. కర్ణం ఎప్పుడూ భుజం కంటే పెద్దది.

ఆ దారి దిక్కు మనకు ముందే తెలుసు: సమీకరణం గుణకాలే దాన్ని చెబుతున్నాయి, (3, 4). తొట్టి విలువ 3 × 14 + 4 × 17 = 110, కాలువ విలువ 60. విలువ తగ్గాలి గనుక మనం (3, 4) కు ఎదురు దిక్కులో నడవాలి. టి సార్లు నడిస్తే (14 − 3టి, 17 − 4టి) దగ్గరకు చేరతాం. అది కాలువ మీద ఉండాలంటే

3(14 − 3టి) + 4(17 − 4టి) = 60

అంటే 110 − 25టి = 60, టి = 2. కాబట్టి లంబపాదం (8, 9); 24 + 36 = 60 గనుక అది కాలువ మీదే ఉంది. ఒక్కో నడక పొడవు 9 + 16 వర్గమూలం, అంటే 5 గళ్లు; రెండు నడకలు 10 గళ్లు, 100 మీటర్లు. దక్షిణంగా వేసిన పైపు కంటే 25 మీటర్లు ఆదా.

పుస్తకంలో లంబదూరానికి ఇచ్చే సూత్రం ఈ లెక్క నీడే. బిందువును సమీకరణంలో ప్రతిక్షేపిస్తే వచ్చే తేడా 50. దాన్ని గుణకాల వర్గాల మొత్తం 25 తో భాగిస్తే నడకల సంఖ్య 2. దాన్ని నడక పొడవు 5 తో గుణిస్తే దూరం. 25 తో భాగించి 5 తో గుణించడం అంటే 5 తో భాగించడమే గనుక, తేడాను గుణకాల వర్గాల మొత్తపు వర్గమూలంతో భాగించాలని సూత్రం చెబుతుంది. తేడా రుణ సంఖ్య అయితే బిందువు రేఖకు అవతలి వైపు ఉన్నట్టు. దూరం కోసం గుర్తు వదిలేయాలి, లంబపాదం కోసం మాత్రం వదలకూడదు. అదే దిక్కులో మరో రెండు నడకలు వేస్తే (2, 1) వస్తుంది. అది రేఖలో క బిందువు ప్రతిబింబం. ప్రతిబింబానికి వేరే సూత్రం గుర్తుపెట్టుకోవలసిన అవసరం నాకైతే ఎన్నడూ కనిపించలేదు.

లంబ సమద్విఖండన రేఖ

(2, 3) దగ్గర ఒక ఊరు, (8, 7) దగ్గర మరో ఊరు ఉన్నాయి. రెండింటికీ సమాన దూరంలో ఉండే చోట్లన్నీ ఏ రేఖ మీద ఉంటాయి? ఆ రేఖ రెండు ఊళ్లను కలిపే రేఖకు లంబంగా, సరిగ్గా మధ్యలోంచి వెళుతుంది. మధ్యబిందువు (5, 5). ఊరి నుంచి ఊరికి నడక (6, 4), కుదిస్తే (3, 2). కావలసిన రేఖ ఈ నడకకు లంబం కనుక ఈ సంఖ్యలే దాని గుణకాలు: 3ఎక్స్ + 2వై = కె, (5, 5) తో కె = 25. సరిచూడాలంటే రేఖ మీది (3, 8) ను తీసుకోండి; మొదటి ఊరికి దూరం వర్గం 1 + 25, రెండో ఊరికి 25 + 1. రెండూ 26. వాలు సరిగ్గా కనుక్కుని, మధ్యబిందువుకు బదులు ఏదో ఒక చివరి బిందువును ప్రతిక్షేపించడం ఈ లెక్కలో ఎక్కువమంది చేసే తప్పు. మూడో ఊరిని కూడా చేర్చి ఇలాంటి మరో రేఖ రాస్తే, రెండు రేఖలూ కలిసే చోటు మూడు ఊళ్లకూ సమాన దూరంలో ఉంటుంది. దాన్నే పరివృత్త కేంద్రం అంటారు.

లంబకేంద్రం

త్రిభుజం ఒక్కో శీర్షం నుంచి ఎదుటి భుజం మీదికి గీసే లంబం ఉన్నతి; మూడు ఉన్నతులూ కలిసే బిందువు లంబకేంద్రం. ఇంటర్ పిల్లలు దీర్ఘ సమాధాన ప్రశ్నగా ఎదుర్కొనే ఈ లెక్కలో కొత్త ఆలోచన ఏదీ లేదు, ఓపిక మాత్రం కావాలి. త్రిభుజం శీర్షాలు క(1, 2), ఖ(7, 4), గ(3, 8). క నుంచి ఎదుటి భుజం మీదికి గీసే ఉన్నతి ఖ-గ కు లంబం. ఖ నుంచి గ నడక (−4, 4), కుదిస్తే (−1, 1). ఇవే ఉన్నతి గుణకాలు: −ఎక్స్ + వై = కె, క తో కె = 1, కాబట్టి వై = ఎక్స్ + 1. ఖ నుంచి గీసే ఉన్నతికి క-గ నడక (2, 6), కుదిస్తే (1, 3); ఎక్స్ + 3వై = 7 + 12 = 19. మొదటిదాన్ని రెండోదానిలో ప్రతిక్షేపిస్తే ఎక్స్ + 3ఎక్స్ + 3 = 19, ఎక్స్ = 4, వై = 5. లంబకేంద్రం (4, 5).

మూడో ఉన్నతి అవసరం లేదని పుస్తకాలు చెబుతాయి. నిజమే, కానీ సరిచూసుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు. క-ఖ నడక (6, 2), కుదిస్తే (3, 1); గ గుండా 3ఎక్స్ + వై = 17. (4, 5) తో 12 + 5 = 17. మూడో రేఖ కూడా అదే బిందువు గుండా వెళ్లింది గనుక ఇక ఎవరినీ అడగవలసిన పని లేదు.

గీసి చూస్తే లంబంగా కనిపించకపోతే

ఏటా ఒకరిద్దరు విద్యార్థులు లెక్క సరిగ్గా చేసి, గ్రాఫు గీసి, రేఖలు లంబంగా లేవని దిగులుపడుతూ వస్తారు. వాళ్ల గ్రాఫు చూస్తే ఎక్స్-అక్షం మీద ఒక సెంటీమీటరు 1 గానూ, వై-అక్షం మీద ఒక సెంటీమీటరు 5 గానూ తీసుకుని ఉంటారు. పావు మలుపులో అడ్డం గళ్లు నిలువు గళ్లుగా మారతాయని చెప్పుకున్నాం. ఒక అడ్డం గడి, ఒక నిలువు గడి కాగితం మీద ఒకే పొడవు ఉంటేనే ఆ మార్పిడి కంటికి కనిపిస్తుంది. లేకపోతే సమీకరణాలు లంబాలే అయినా బొమ్మలో కోణం వంకరపోతుంది.

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద దీన్ని ఇంకా బాగా చూడవచ్చు. అక్కడ నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద పడుగు, పేక ఒకదానికొకటి లంబాలు, అవే అక్షాలు. ఏటవాలు గీత కావాలంటే ఇన్ని పడుగు పోగులు పక్కకు, ఇన్ని పేకలు పైకి అని మెట్లు మెట్లుగా లెక్క పెడుతూ పోవాలి. ఒక అంగుళంలో పడుగు పోగులు, పేక పోగులు సమానంగా ఉంటే 3 పడుగులకు 2 పేకలు ఎక్కిన గీతకు, వెనక్కి 2 పడుగులకు 3 పేకలు ఎక్కిన గీత లంబంగా పడుతుంది. అంగుళానికి పోగుల సంఖ్య సమానంగా లేనప్పుడు అదే లెక్కతో నేస్తే మూల చదరంగా రాదు. పోగులను అంగుళాల్లోకి మార్చుకున్న తరువాతే తిప్పాలి. గ్రాఫులోనూ అంతే. లంబరేఖల బొమ్మ గీసేటప్పుడు రెండు అక్షాలకూ ఒకే స్కేలు తీసుకోండి.

సాధనకు ఒకే ఒక లెక్క ఇస్తున్నాను, కానీ దాన్ని మూడు విధాలుగా చేయండి. 5ఎక్స్ − 12వై + 7 = 0 అనే రేఖకు క(6, −11) నుంచి లంబం గీయాలి. మొదట వాలులతో లంబరేఖ సమీకరణం రాసి, రెండు సమీకరణాలనూ సాధించి లంబపాదం కనుక్కోండి. తరువాత గుణకాల నడక (5, −12) వెంట వెళ్లి అదే పాదాన్ని చేరుకోండి; ఎన్ని నడకలు పట్టాయో గమనించండి. చివరగా క నుంచి దూరాన్ని సూత్రంతోనూ, రెండు బిందువుల మధ్య దూరంగానూ లెక్కించండి. లంబరేఖ 12ఎక్స్ + 5వై = 17 అనీ, పాదం (1, 1) అనీ, ఒక్క నడకతోనే పాదం చేరామనీ, దూరం 13 అనీ రావాలి. పాదం దగ్గర తేడా వస్తే ముందుగా −12 ముందున్న గుర్తును చూడండి. క లోని −11 తో గుణించినప్పుడు అది +132 కావాలి.